అలివేలు మోసిన మాటలు

పుంగనూరు,
1946 జూన్.

ప్రాణంలాంటి హమీదాకు,

క్షేమాలు తర్వాత చెప్పుకుందాం, ముందు నాకొక సాయం చెయ్యి. నువ్వు పాఠాలు చెప్పే మదనపల్లె బడి హాస్టల్లో మా అలివేలుకు చోటు చూడు. ఏడేళ్లకే నా కూతురు అబద్ధాల పుట్ట అయింది.

మా ఇంటి ఆచారం నీకు తెలుసు కదా. అత్తమ్మ ముందు నేను ఆయనతో నేరుగా మాట్లాడకూడదు, ఏదైనా బిడ్డ చేతే చెప్పించాలి. మామూలు రోజుల్లో అదీ ముచ్చటగానే ఉండేది. అయితే కుప్పంలో మా తమ్ముడి పెళ్లికి మా నాయన స్వయంగా వచ్చి పిలవలేదు, కార్డు రాసి ఊరుకున్నాడు. దాంతో మా ఆయనకు కోపం వచ్చి, గదిలో కూడా మాటలు మానేశాడు. నాకు మాత్రం పౌరుషం లేదా? ఇద్దరి విషమూ ఆ పిల్ల నోటనే పోయేది.

పెళ్లికి పోతానని చెప్పించాను. అది ఆయన కూర్చునే బెల్లం మండీకి పోయి వచ్చి, "నాయన పొయ్యి రమ్మన్నాడుమా. అవ్వను, తాతను అడిగినానని సెప్పమన్నాడు" అంది. నేను సంతోషంగా పోయి వచ్చాను. వచ్చాక తెలిసింది, ఆయన అన్నది "పోతే మళ్లా ఈ గడప తొక్కొద్దని సెప్పు" అని. తవ్వేకొద్దీ అన్నీ బయటపడ్డాయి. నేను "సిగ్గుంటే వచ్చి తినమను" అంటే, "అమ్మ నీ కోసరం తినకుండా ఉండాది" అని ఆయనకు చెప్పేదట. ఆయన "ఆ కూడు కుక్కకు పెట్టమను" అంటే, నా దగ్గరికి వచ్చి "పప్పు బాగుండాదంట" అనేది.

ఆయన చింతబరికెతో కొట్టాడు. నేను అడ్డం పోలేదు. ఇప్పుడది నెత్తురొచ్చేదాకా గోళ్లు కొరుక్కుంటోంది, పక్క తడుపుతోంది, పిలిస్తే ఉలిక్కిపడుతోంది. నీ దగ్గరుంటే నిజం చెప్పడం నేర్చుకుంటుందని నా ఆశ.

నీ జవాబుకు ఎదురుచూసే,
కౌసల్య

పుంగనూరు,
జూలై.

హమీదా తల్లీ,

చోటు దొరికిందని రాశావు. దాన్ని ఇంకో బిడ్డకు ఇప్పించు. అలివేలు నిన్న కూడా పక్క తడిపింది, అయినా ఫరవాలేదు. చెడింది ఈ ఇంట్లోనే కాబట్టి కుదుటపడాల్సిందీ ఇక్కడే.

మా అత్తమ్మ మునిరత్నమ్మను తిడుతూ నీకెన్ని ఉత్తరాలు రాశానో. కొంగు జారితే ఒక సామెత, గొంతు పెరిగితే రెండు. అలాంటి మనిషికి మొన్న చేతులెత్తి మొక్కాలనిపించింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలోంచి, "అలివేలూ, మీ నాయనకు ఇంకా పులుసు కావాలేమో అడుగు" అన్నాను. బిడ్డ వణుకుతూ లేచింది. అత్తమ్మ దాన్ని ఒడిలోకి లాక్కుని నోట్లో ఇంత బెల్లం గడ్డ పెట్టింది.

"దీని నోరు ఖాళీగా లేదు. ఇంక మీ మాటలు ఇది మొయ్యదు, మీరే సెప్పుకోండి" అంది.

"నీ ముందరేనా అమ్మా?" అన్నాడాయన.

"నా ముందరనే. ఆ మర్యాద నాదిరా, నేనే వద్దంటాండా. నడిమింట్లో కూసోని అన్నీ ఇంటానే ఉండా. ఇది అబద్ధాలు సెప్పలే. మీరు ఇసిరిన రాళ్లు ఒకరికొకరికి తగలకుండా ఇది పట్టుకునింది. నా మర్యాద కోసరం బిడ్డ నలిగిపోయినాది. సాలింక."

జన్మంతా కాపాడుకున్న ఆచారాన్ని ఎంగిలాకు తీసినట్టు తీసి పారేసింది మహాతల్లి. ఆ పసిది ఎంత భయాన్ని కడుపులో పెట్టుకుని మమ్మల్ని ఇన్నాళ్లు కలిపి ఉంచిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతోంది.

చివరికి గుమ్మం దాటి వచ్చి, "ఇంకొంచెం పులుసు పోసేదా?" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే "పొయ్యి" అన్నాడు. పులుసు కలుపుకుంటూ, "నువ్వు తిన్నావా?" అన్నాడు.

అలివేలు బెల్లం గబగబా మింగేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది, నా కొంగు పట్టుకుని, "అమ్మా, నువ్వు తిన్నావా అని నాయన అడగతాండాడు" అంది.

ఇన్నాళ్లలో అది మార్చకుండా మోసిన మాట అదొక్కటే, హమీదా.

నీ,
కౌసల్య