సీలు కోసినందుకు సంజాయిషీ

గౌరవనీయులైన ఆఫీసరు గారికి,

అనుమతి లేకుండా మిర్చి వ్యాగన్ సీలు ఎందుకు కోశావని తమరు అడిగారు. కోసింది నేనే.

నిన్న మధ్యాహ్నం ఖమ్మం మిర్చి బస్తాలు ఎక్కించాక హమాలీల మేస్త్రి చిరంజీవి, "మావోళ్లందరు దిగిండ్రు సార్" అన్నాడు. తలుపు మూసి, సీలు వేసి, నంబరు రిజిస్టరులో రాశాను. ఆ సీలు ఒకసారి తెగితే మళ్లీ అతకదు. తెగిందంటే సరుకును ఎవరో ముట్టుకున్నట్టే. పద్దెనిమిదేళ్లుగా కొత్తవాళ్లకు ఆ సంగతి నేర్పుతున్నది కూడా నేనే.

ఇంజను తగిలించాక ఆ తలుపు కింద చెప్పులు కనిపించాయి. తినే సరుకును మా హమాలీలు చెప్పులతో తొక్కరు. కింద విడిచి ఎక్కుతారు, దిగి వేసుకుంటారు. ఈ చెప్పులు వేసుకోవడానికి ఎవరూ రాలేదు. బండి కదిలితే మూడు రోజుల దాకా ఆ తలుపు ఎవరూ తెరవరు. తమకు ఫోన్ చేసి జవాబు కోసం నిలబడే ఓపిక నాకు లేకపోయింది. కట్టరు తెచ్చి కోశాను.

రాలిన కాయలు ఊడ్చే కన్నమ్మ బస్తాల వెనక మిర్చి ఘాటుకు స్పృహ తప్పి పడి ఉంది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, "భద్రాచలం బస్సు పోయిందా సార్?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మూసే ముందు లోపల ఎందుకు చూడలేదని తమరు అడగలేదు. ఆ తప్పూ నాదే. కోసినందుకైతే ఏ శిక్షయినా సంతోషంగా తీసుకుంటాను.

తెగిన సీలు ఈ కవరులో పెడుతున్నాను. రుజువుగా చెప్పులు కూడా పంపాల్సింది. కానీ అవి వేసుకుని ఆమె సాయంత్రం బస్సు ఎక్కేసింది.

ఇట్లు,
ఆ సీలు వేసినవాడూ, కోసినవాడూ అయిన గూడ్స్ క్లర్కు