చిరంజీవి జూనియర్‌కు

ఆల్డర్ ఫోర్డ్ హైస్కూల్, విస్కాన్సిన్
ఫిబ్రవరి 10, 1986

టోలెఫ్సన్, జూనియర్ - తల్లిదండ్రులకు

ఆర్యా,

పదకొండో తరగతి, అనగా మా బడి లెక్కలో జూనియర్, ఏడాది సగం దాటింది. వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకోవలసిన సమయమిదే. ఇందుతో ఉన్న పచ్చ ఫారం నింపి మార్చి 31 లోగా అందజేయగలరు. ఈ నెల 25, మంగళవారం సాయంత్రం ఏడింటికి తల్లిదండ్రుల సమావేశం. ఇంటికొకరైనా తప్పక రావాలి. వేసవి సెలవుల్లోపు కనీసం ఒక కాలేజీకైనా వెళ్లి, చూసి రావడం అవసరం. చూడకుండా ఎంచుకున్న కాలేజీ, తొడిగి చూడకుండా కొన్న బూటూ ఒకటే.

ఇట్లు,
ఎల్‌స్పెత్ హనికట్
కోర్సుల సలహాదారు

తా.క. నేను ఈ జనవరిలోనే షికాగో నుంచి వచ్చాను. పిల్లల పేర్లకీ ముఖాలకీ నాకింకా లంకె కుదరలేదు. అందుకని చిరునామాలన్నీ కొత్త యంత్రం చేత కొట్టించాను. అది తప్పు చేయదట.

---

టోలెఫ్సన్ డెయిరీ, కౌంటీ రోడ్డు
ఫిబ్రవరి 15

మిస్ హనికట్ గారికి,

ఆర్విడ్ టోలెఫ్సన్ జూనియర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మావాళ్లూ, నలభై రెండు ఆవులూ క్షేమం. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం వచ్చిన రోజున మా మారిట్ దాన్ని తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టింది. కవరు మీద నా పేరు చూసి నాకు అన్నం సహించలేదు. మా నాన్న పేరే నాకు పెట్టారు కాబట్టి ఊళ్లో చిన్నాపెద్దా నన్ను జూనియర్ అనే పిలుస్తారు. పోయిన శరదృతువులో మీ పాత ప్రిన్సిపాల్ గారు దాణా కొట్లో కనబడితే, సిగ్గు చంపుకుని అడిగాను: "అయ్యా, నేను మధ్యలో వదిలేసిన చదువు మళ్లీ పూర్తి చేయొచ్చా?" అని. "బడి నుంచి ఉత్తరం వస్తుందిలే జూనియర్" అన్నారు. పాపం, ఆయన పదవీ విరమణ చేసి ఫ్లోరిడా వెళ్లినా మాట మాత్రం నిలబెట్టుకున్నారు.

నేను ఆగింది పదకొండులోనే. మార్చిలో నాన్న కాలు విరిగింది. ఆవులకి ఆ సంగతి చెబితే అర్థం కాదు కదా, అందుకని బడి మానేశాను. కెమిస్ట్రీ సగంలో ఉండిపోయింది. ఆ మిగతా సగం ఏమై ఉంటుందా అని పాలు పితికేటప్పుడు ఆలోచిస్తూ ఉంటాను. బడి పూర్తి చేశానన్న కాగితం ఒక్కటి గోడకి తగిలించుకోవాలని నా కోరిక. నాకిప్పుడు 46. ఆలస్యమైందని మీరనుకోకపోతే నేనూ అనుకోను.

నాన్న ఇప్పుడు లేరు. తల్లిదండ్రుల సమావేశానికి మా అమ్మ వస్తుంది. వెర్నా మాత్రం "నువ్వు కాలేజీలు చూడ్డానికి పోతే ఆవుల్ని ఎవడు చూస్తాడయ్యా" అంటోంది. మెల్లగా దారికొస్తుంది.

ఇట్లు, విధేయుడు,
జూనియర్

తా.క. 1. కొట్టంలో కూర్చుని రాశాను. మరకలు పాలవే, భయపడకండి.

తా.క. 2. బడి లైబ్రరీ పుస్తకం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. 'మానవుడు ఎప్పటికైనా చంద్రుణ్ణి చేరగలడా?' అని పేరు. నెమ్మదిగా చదువుతున్నాను.

---

ఆల్డర్ ఫోర్డ్ హైస్కూల్
ఫిబ్రవరి 27

చిరంజీవి జూనియర్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, బాబూ. ఈ వయసు పిల్లలు నాలుగు వాక్యాలు సరిగా రాయరు. నువ్వు ఎంత పొందికగా రాశావు. వయసు రాసిన చోట మొదటి అంకె మీద పాలచుక్క పడి చెదిరిపోయింది. వెనకాల 6 కనిపించింది కాబట్టి పదహారేనని తెలుసుకున్నాను. పదహారేళ్లకే ఇంత బరువు మోస్తూ, మళ్లీ చదువుకుంటానని నోరు తెరిచి అడిగావు చూడు, అందుకు నీకు నా నమస్కారం.

మీ అమ్మగారు మంగళవారం అందరికంటే ముందొచ్చి, ముందు వరసలో కూర్చుని స్వెట్టర్ అల్లుకున్నారు. నేను ఊహించినదానికంటే పెద్దావిడ. దేవుడు కొందరికి ఆలస్యంగా ఇస్తాడు. "ఈ వయసులో మగపిల్లాణ్ణి సాకడం కష్టమే కదండీ" అన్నాను. "ఏం చెప్పమంటావమ్మా. ఇప్పటికీ చెవుల వెనక కడుక్కోడు. నువ్వన్నా చెప్పు, నీ మాట వింటాడేమో" అన్నారు. చెబుతున్నాను: కడుక్కో.

మా జాబితాలో మారిట్ టోలెఫ్సన్ అని ఒకమ్మాయి ఉంది. మీరిద్దరూ కవలలు అనుకుంటాను. కాలేజీ చూడ్డానికి తననీ తీసుకెళ్లు.

ఇక వెర్నా సంగతి. చనువుగా చెబుతున్నానని ఏమీ అనుకోకు. నీ చదువుకి అడ్డుపడే అమ్మాయి నీకు తగినది కాదు. ఈ వయసు స్నేహాలు వెన్న మీద రాసిన రాతలు, ఎండ రాగానే పోతాయి. కాస్త దూరంగా ఉండు.

ఇట్లు, నీ మేలు కోరే,
ఎల్‌స్పెత్ హనికట్

తా.క. లైబ్రరీ పుస్తకానికి తొందరేమీ లేదు. అలాంటి పాత పుస్తకాలు ఈ కాలం పిల్లలు ముట్టుకోవడమే అరుదు.

---

టోలెఫ్సన్ డెయిరీ
మార్చి 17

మిస్ హనికట్ గారికి,

జూనియర్ వ్రాయునది. ఉభయకుశలోపరి. చెవులు కడుక్కున్నాను.

మీరు చెప్పినట్టే శనివారం రాష్ట్ర వ్యవసాయ కాలేజీకి వెళ్లాం. మ్యాపు చూడ్డానికి మారిట్, మ్యాపు తప్పని చెప్పడానికి అమ్మ. దారిలో తినడానికి మారిట్ తెల్లవారుజామునే బంగాళాదుంప రొట్టెలూ జున్నుముక్కలూ కట్టింది. "నాకెందుకింత హడావుడి" అంటే, "ఇది నీ రోజు, నోరు మూసుకుని తిను" అంది.

అక్కడ మాకు కాలేజీ చూపించిన విద్యార్థిని గంటన్నరసేపు వెనక్కి నడుస్తూనే మాట్లాడింది. మా అమ్మకి గుండె దడ. "ముందు చూసుకోవే తల్లీ" అని అరుస్తూనే ఉంది. చివరికి కొట్టం దగ్గర ఆ పిల్ల నీళ్లతొట్టిలో పడబోతే మారిట్ చెయ్యందుకుని లాగింది.

ఆ కొట్టంలో తొలిచూలు ఆవొకటి ఈనడానికి అవస్థపడుతోంది. చుట్టూ పదిమంది విద్యార్థులు నోటుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. ప్రొఫెసర్ గారికి ఫోనొస్తే అటు వెళ్లారట. దూడ ముందుకాలు లోపల మడతపడిందని మారిట్ చూడగానే కనిపెట్టింది. నేను కోటు విప్పేలోగా తను చేతులు కడుక్కుని పనిలో దిగింది. పది నిమిషాల్లో దూడ గడ్డి మీద ఉంది. మారిట్ ఆవు చెవిలో ఏదో చెబుతోంది. నేను కోటు సగం విప్పి అలాగే నిలబడిపోయాను.

ప్రొఫెసర్ గారొచ్చి, "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. "ఈయనే" అని నన్ను చూపించింది. "పశువైద్యం చదవడానికి వస్తావా?" అన్నారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "కెమిస్ట్రీ తీసుకున్నావా?" అన్నారు. ఆ వెలుగు ఆరిపోయింది. "మా బడిలో కెమిస్ట్రీ చివరి గంటలో ఉంటుందండీ. నాకు ఆ గంటకి పాలు పితకడానికి ఇంటికి వెళ్లే పని ఉంది" అంది. కెమిస్ట్రీ లేకపోతే తీసుకోవడానికి కుదరదన్నారు ఆయన. పర్వాలేదంది మారిట్.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నూట ఇరవై మైళ్లూ ఆ 'పర్వాలేదు' అన్న మాటే తలుచుకున్నాను. ఆ చివరి గంట సంగతి నాకు తెలియదు, మిస్ హనికట్ గారూ. నిజంగా తెలియదు.

అంచేత ఒక మనవి. వచ్చే ఏడాది కెమిస్ట్రీని పొద్దుటి గంటకి మార్చగలరా? పచ్చ ఫారం అప్పుడు పంపుతాను.

ఇట్లు,
జూనియర్

తా.క. 1. ఆ విద్యార్థినిలాగే మా ఆవుల ముందు వెనక్కి నడుస్తూ కబుర్లు చెప్పి చూశాను. ఒక్కటీ నా వెంట రాలేదు. కాలేజీ వాళ్ల గొప్పతనం అప్పుడర్థమైంది.

తా.క. 2. వెర్నా గురించి మీరు రాసింది వెర్నాకే చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ పాల క్యాను తన్నేసింది. మీ సలహా మంచిదే కానీ, ఆమెను వదలడం నా వల్ల కాదు. ఆపిల్ పళ్లు కూరి కాల్చే 'పై' అనే తీపి రొట్టె బాగా చేస్తుంది.

---

ఆల్డర్ ఫోర్డ్ హైస్కూల్
మార్చి 21

గౌరవనీయులైన టోలెఫ్సన్ గారికి,

ఎల్‌స్పెత్ హనికట్ తల వంచుకుని వ్రాయునది.

కెమిస్ట్రీ గంట మార్చడానికి మీ పేరు కోసం పదకొండో తరగతి పట్టీ అంతా వెతికాను. లేదు. మా గుమాస్తా మిసెస్ డాల్‌గ్రెన్ ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నావిడ. సంగతి వినగానే బల్ల పట్టుకుని నవ్వి, నేలమాళిగలోంచి 1957 నాటి దస్త్రం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ 6 ముందు ఉన్నది ఒకటి కాదు, నాలుగని అప్పుడు తెలిసింది. నాకు ముప్పై ఒకటి, అయ్యా. నాకంటే పదిహేనేళ్లు పెద్దవారికి ఆశీస్సులు పంపాను. మీ భార్యను వదిలేయమన్నాను. చెవులు కడుక్కోమన్నాను.

ఆ మొదటి ఉత్తరం మీకు రాసింది కాదు. పదకొండో తరగతి చదివే ప్రతి పిల్లా జూనియరే కాబట్టి, మారిట్ తల్లిదండ్రులకు రాసింది. యంత్రం ఆమె పేరు మింగేసింది. ఈ మాట మీకెలా చెప్పాలో తెలియక మారిట్‌ను పిలిచాను. ఆమె తడుముకోకుండా ఇలా అంది:

"అది నా ఉత్తరమేనని నాకు మొదటిరోజే తెలుసు. నాన్న పళ్లెం పక్కన ఊరికే పెట్టాను. కవరు చూసి ఆయన తినడం ఆపి, చేతులు తుడుచుకుని మరీ అందుకున్నాడు మిస్. అది తనకే అనుకున్నాడు. ఇక నాకు నోరు రాలేదు. మా ఇంట్లో ఇద్దరు జూనియర్లం ఉన్నాం. ఆయన నాకంటే ఎక్కువ కాలం కాచుకున్నాడు. ఆ కెమిస్ట్రీ ఏదో ఆయనకిచ్చేయండి, చివరి గంట పాలు నేను చూసుకుంటాను. ఆయనకి మాత్రం చెప్పకండి."

చెప్పనని మాట ఇవ్వలేకపోయాను. కెమిస్ట్రీ టీచరు పొద్దున మరో బడిలో చెప్పి వస్తారు, గంట మార్చడం కుదరలేదు. కానీ కొత్త ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు ఆలోచించి, మీరు వచ్చి తరగతిలో కూర్చోవచ్చునన్నారు. ఉన్నది మాత్రం ఆ చివరి గంటే. ఇంట్లో ఇద్దరిలో ఎవరు రావాలన్నది మీరే తేల్చుకోవాలి. ఇలాంటి తండ్రీకూతుళ్లను నేను షికాగోలో చూడలేదు.

ఇట్లు, క్షమాపణలతో,
ఎల్‌స్పెత్ హనికట్

తా.క. మీ పాత దస్త్రంలో, కెమిస్ట్రీ మార్కుల పక్కన అప్పటి టీచరు పెన్సిల్‌తో రాసిన మాట ఒకటుంది: "తిరిగి వస్తాడు."

---

టోలెఫ్సన్ డెయిరీ
మార్చి 29

మిస్ హనికట్ గారికి,

జూనియర్ వ్రాయునది. ముందుగా మీరు మళ్లీ 'చిరంజీవి' అనే రాయండి. నాన్న పోయాక నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు.

క్షమాపణలు అక్కర్లేదు. నాకు మీ రెండో ఉత్తరంతోనే తెలిసింది. పదహారేళ్లు అన్నారు, కవలలు అన్నారు, అప్పుడు కూడా అర్థం కాకపోతే నేను చదువుకి పనికిరాను. మొదట మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. కొట్టంలోకి వెళ్లి కాసేపు ఆవులకి వీపు తిప్పి నిలబడ్డాను. తర్వాత ఆలోచించాను. 'ఇది నీ ఉత్తరమే తల్లీ, పద, నీకు కాలేజీ చూపిస్తాను' అంటే మారిట్ ఏమంటుందో నాకు తెలుసు. "ఆవులెవరు చూస్తారు నాన్నా" అని ఆ కాగితం పొయ్యిలో పడేసేది. అదే నా కోసం అంటే, తెల్లవారకుండా లేచి రొట్టెలు కట్టి కారు తుడిచి ముందు సీట్లో కూర్చుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత నేను రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, మళ్లీ చదివి చూసుకోండి.

చివరి గంట సంగతి తేల్చేశాను. సాయంత్రం నాలుగున్నర పాలు మా నాన్న పెట్టిన వేళ. ఇరవై తొమ్మిదేళ్లుగా అది దేవుడు పెట్టిన వేళ అనుకున్నాను. సోమవారం నుంచి ఆరింటికి మార్చాను. రెండు రోజులు నలభై రెండూ నన్ను తిట్టాయి. మూడో రోజుకి మరిచిపోయాయి. నా చదువుకి, నా బిడ్డ చదువుకి ఇన్నాళ్లూ అడ్డుపడింది ఆవులు కాదు, నేనే. ఆ మాట వెర్నాతో అంటే, "ఆవులకి మూడు రోజులు పట్టింది, నీకు ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది" అంది.

మారిట్‌తో మాత్రం ఇలా చెప్పాను: "అంతమంది పిల్లల మధ్య ఒక్కణ్ణే కూర్చోవాలంటే నాకు సిగ్గుగా ఉందమ్మా. నువ్వు కూడా ఆ కెమిస్ట్రీ తీసుకుంటే ధైర్యంగా ఉంటుంది." చాలాసేపు ఆలోచించినట్టు నటించి, "నీ కోసం అయితే సరే" అంది. తర్వాత గడ్డివాము వెనక్కి వెళ్లి ఏడ్చిందని వెర్నా చెప్పింది.

పచ్చ ఫారాలు రెండు పంపుతున్నాను. మారిట్ ఫారం మీద తండ్రి సంతకం నేను చేశాను. నా దాని మీద అమ్మ చేసింది.

ఇట్లు,
జూనియర్, పదకొండో తరగతి

తా.క. 1. లైబ్రరీ పుస్తకం కూడా పంపుతున్నాను. చంద్రుణ్ణి చేరతాడో లేదో చివరి పేజీ దాకా తేల్చలేదు. ఈలోగా టీవీలో చూశాను, చేరాడు.

తా.క. 2. నాకు తెలుసన్న సంగతి మారిట్‌కు చెప్పకండి. నాన్నని మోసం చేశానని ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉందో, పాలు పితుకుతూ పాటలు పాడుతోంది.