వాల్‌నట్ కర్రకి బదులు

నాన్నా, పొయ్యి మీద సూప్ ఉంది, వేడిచేసుకుని తాగు. మాత్రలు గిన్నె పక్కనే పెట్టాను. మన రైఫిల్‌కి, భుజానికి ఆనించే ఆ వెనక భాగానికి, ఫైబర్ పిడి తేవడానికి బోజ్‌మన్ టౌన్‌కి వెళ్తున్నాను.

"ప్లాస్టిక్ పట్టుకుని వేటేంటే, బొమ్మ తుపాకీలాగా!" అంటావు. తిట్టుకో, పర్లేదు. పోయిన వేట సీజన్లో వానకి ఆ పాత వాల్‌నట్ కర్ర పిడి ఉబ్బి తుపాకీ గొట్టాన్ని పక్కకి నెట్టేసింది, గురి తప్పింది. ఆ ఎల్క్ దుప్పి గాయంతో అడవిలోకి పారిపోయింది అందుకే, నీ చెయ్యి వణికి కాదు. ఎన్నిసార్లు చెప్పినా వినవు. ఆ జంతువుని నొప్పితో వదిలేయకూడదని మంచులో వెతుకుతూ పడి, భుజం విరగ్గొట్టుకున్నావు.

కోపంలో పాత పిడిని పొయ్యిలో పెట్టకు. నాక్కావాలి.

వెర్నా

అన్నట్టు, షాపాయన ఫోన్లో నీ భుజం కొలత అడిగాడు. నా కొలత ఇచ్చాను.