గంట మోసే దూలం

నాన్నా, నేను కులాసా. గంట గోపురం ఎక్కేటప్పుడు నడుముకు తాడు కట్టుకుంటున్నానని అమ్మకు చెప్పు.

దొరల కాలం నాటి ఈ చర్చిలో పగుళ్లు కొలవమని మా ఇంజనీరు నన్ను పంపాడు. గంట వేలాడే టేకు దూలానికి ఒక చివర స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. రెండో చివర రాయిలా ఉంది. గంట కొట్టే తాత పక్కనే నిలబడి, "నాకు రెండేళ్ల నుంచీ తెలుసమ్మాయ్. చెబితే గంట దింపేస్తారని నోరు మూసుకున్నా" అన్నాడు. కింద నుంచి తాడు లాగితే దూలం అదురుతుందని, రోజూ తొంభై మెట్లెక్కి గంట నాలుకను చేత్తో పట్టుకుని మెల్లగా కొడుతున్నాడట. వీధిలో వాళ్లేమో, "ముసలాడికి సత్తువ అయిపోయింది, గంట వినబడి చావట్లేదు" అంటున్నారు.

మా ఇంజనీరుదంతా తొందర. "దింపెయ్యమని రెండు ముక్కలు రాసి పడెయ్" అంటాడు. దింపితే తాత పనీ పోతుంది, గోపురం కింద ఆయన ఉంటున్న గదీ పోతుంది.

నువ్వు ఇన్నేళ్లు వడ్రంగం చేసినవాడివి. పుచ్చిన చివర కోసేసి, కొత్త టేకు అతికి, ఇనప పట్టీలు బిగిస్తే ఎద్దంత బరువున్న ఈ గంటను దూలం ఆపుతుందా? దూలం అడుగు మందం. శనివారం రిపోర్టు ఇవ్వాలి, వెంటనే రాయి.

అక్కకు జ్వరం తగ్గిందా? నా పాత చెప్పులు ఎవరికీ ఇచ్చెయ్యకండి, ఈ మెట్లకు అవే నయం. అమ్మకు, బామ్మకు నమస్కారాలు.

అతికినా దూలం ఆగదని నీకు తోస్తే నా కోసం మొహమాటపడకు నాన్నా. ఆ మాట తాతకు నేనే చెబుతాను.

నీ చిన్నమ్మాయి