అమ్మ జల్లెడ, నా బాంజో

కెంటకీ రాష్ట్రం, నాట్ కౌంటీ, లారెల్ ఫోర్క్ వాగు ఒడ్డున కాపురముంటున్న, కీర్తిశేషుడు క్లెల్ గేహార్ట్ భార్య డెల్ఫియా గేహార్ట్ అనే నేను, ఒంట్లో సత్తువ తగ్గినా బుర్ర చెక్కుచెదరకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. ఇంతకుముందు ఏదీ రాయలేదు కనుక రద్దు చేయవలసింది కూడా ఏమీ లేదు. చదివేవాళ్ళు ఓపిక పట్టి ఐదో అంశం దాకా రావాలి. ఇదంతా రాస్తున్నది దాని కోసమే.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పక్కింటి ఎస్టిల్ ప్రాటర్‌కు అప్పగిస్తున్నాను. బడి బస్సు నడుపుతాడు, మాట మీద నిలబడతాడు, కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. అతను అరువు తీసుకెళ్ళిన నా గొడ్డలిని ఇకమీదట సర్వహక్కులతో అనుభవించవచ్చు. నేను వస్తుంటే దాన్ని గడ్డివాములో దాచే శ్రమ తప్పుతుంది.

2. ఇల్లూ, మొక్కజొన్న చేనూ, కోళ్ళూ నా భర్త చెల్లెలి కూతురు వర్జీకి చెందవలెను. క్లెల్ ఊపిరితిత్తుల నిండా గని బొగ్గు చేరి, పడుకోలేక రాత్రీ పగలూ కుర్చీలోనే కూర్చున్న రోజుల్లో అతని వీపు రాసింది ఆ పిల్లే. నేను ఎదురుగా కూర్చుని బాంజో వాయించేదాన్ని. "గట్టిగా కొట్టవే, నా దగ్గు నాకే వినపడకూడదు" అనేవాడు. ఆ కుర్చీ కూడా వర్జీదే. దాన్ని అటక ఎక్కించవద్దు, ఎవరో ఒకరు అందులో కూర్చోవాలి.

3. నా నల్ల తోలు బూట్ల జతను, శుభ్రంగా తుడిచి, నా పాటల రికార్డు వేసిన పెద్దమనిషికి పంపవలెను. గని క్యాంపుల్లో జీతాల శనివారాల్లో పాడాను, పెళ్ళిళ్ళలో పాడాను, చివరికి అతని మాట నమ్మి దూరపు నగరానికి పోయి పెద్ద హాల్లో పాడాను. అక్కడ ఒక్కరూ కాలు కదపలేదు, చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. అది నేను పట్టించుకోలేదు. కానీ అట్ట మీద బొమ్మ కోసం నా బూట్లు విప్పించి, "కొండ మనిషిలా ఉండాలి కదమ్మా" అన్నాడు. ఆ ఉత్తికాళ్ళ బొమ్మ ఇప్పుడు దేశమంతా తిరుగుతోంది. నాకు బూట్లున్నాయన్న సంగతి ఆయనకైనా తెలియాలి.

4. నా పాటలు ఎవరు పాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నప్పుడు ఎవరినీ అడగలేదు. అయితే గని పైకప్పు కూలిన పాటలో చనిపోయిన ముగ్గురి పేర్లూ మార్చకూడదు. కాలేజీ కుర్రాడొకడు ప్రాస కుదరలేదని హెర్షెల్ పేరు తీసేసి ఇంకేదో పెట్టి పాడాడు. హెర్షెల్ తల్లి ఇంకా బతికే ఉంది. ప్రాస కుదరకపోతే పాట మానుకోవాలి గానీ మనిషిని కాదు.

5. ఇక బాంజో. కాలేజీ వాళ్ళు దాన్ని అద్దాల పెట్టెలో పెడతామని మూడుసార్లు మనిషిని పంపారు. ఇవ్వను. దాని గుండ్రటి చట్రం మా అమ్మ మొక్కజొన్న పిండి జల్లించిన జల్లెడది. వల చిరిగిపోతే, చిక్కుడు మడి తినేసిన గ్రౌండ్‌హాగ్ అనే బొరియల జంతువును కొట్టి, దాని తోలు ఆ చట్రానికి బిగించి, వాల్‌నట్ కర్ర మెడ చేసి నాన్న నాకిచ్చాడు. అమ్మేమో కొత్త వల వేయించి ఆ జల్లెడను మా అక్క ఒర్లీనాతో కాపురానికి పంపాలనుకుందట. గొడవ అక్కడ మొదలైంది.

అయినా నేను ఆ బాంజో వాయిస్తుంటే అక్క పాడేది. వాగు అవతలికి వినపడే గొంతు. 1931లో ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టు సంఘంలో చేరింది. అక్కడ ఒకరు చరణం అందిస్తే అందరూ నోటితోనే లాగి పాడాలి, వాయిద్యం ముట్టడం పాపం. ఆ రోజు నుంచి నా గుమ్మం లోపలికి రాలేదు. ఏటా ఆగస్టులో, పోయినవాళ్ళను తలుచుకుని సంఘం వాళ్ళు సమాధుల దగ్గర పాడే రోజున మాత్రం, కొండ దిగి వస్తూ నా కంచె దగ్గర ఆగుతుంది. "ఏమే డెల్ఫీ, అమ్మ జల్లెడ ఇస్తావా, దాంతోనే నరకానికి పోతావా?" అంటుంది. "ఇంకా పాట అవలేదక్కా" అంటాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోతుంది. ప్రతి ఏడూ ఇంతే.

నా కోరిక ఏమనగా, నేను పోయాక ఎస్టిల్ ఆ బాంజోను విప్పవలెను. తీగలు, మెడ అతనికే. తోలు నాతోపాటు శవపెట్టెలో. చట్రానికి కొత్త వల వేయించి అక్కకు ఇవ్వవలెను. పిండి జల్లెడను ఏ సంఘమూ తప్పు పట్టదు. బదులుగా, నన్ను క్లెల్ పక్కన దించేటప్పుడు అక్క ఒక్క పాట పాడాలి. వాయిద్యం ఉండదు. నా దగ్గరికి రావడానికి ఆమెకు ఇక అడ్డేమీ ఉండదు. నాకు ఆ గొంతు కావాలి.

1974 అక్టోబరు 9.

తర్వాత చేర్చినది, అక్టోబరు 12.

ఎస్టిల్ నోటి సంగతి మొదటి అంశంలోనే రాశాను. నిన్న పొద్దున్నే మా అక్క, కర్ర పొడుచుకుంటూ, ఆగస్టు కాకపోయినా వచ్చింది. కంచె దగ్గర ఆగలేదు. గుమ్మం దాటి వచ్చి, క్లెల్ కుర్చీలో కూలబడి, ఆయాసం తీరాక అరిచింది. "దాన్ని విప్పమన్నావటే, బుద్ధుందా నీకు? ఇంట్లో రెండు రేకు జల్లెడలున్నాయి, నాకెందుకే ఇది! ఏడాదికొకసారి నీ మొహం చూడ్డానికి సంఘంలో ఏదో ఒక వంక చెప్పాలి గదా. నా సొమ్ము నేనడగడానికి పోతున్నానంటే ఎవరూ నోరెత్తరు."

ఇన్నేళ్ళూ నేను దాన్ని పంతమనుకున్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

అందువల్ల ఐదో అంశంలో బాంజో విప్పమన్న మాట రద్దు చేస్తున్నాను. అది ఉన్నది ఉన్నట్టుగా ఒర్లీనాకు చెందవలెను. ఆమె వాయించనక్కర్లేదు. నన్ను దించేటప్పుడు పాడడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఏటా ఆగస్టులో, కంచె దగ్గర కాదు, నా సమాధి దగ్గర ఆగి, అలవాటు ప్రకారం జల్లెడ అడగాలి.

పాట అవలేదని ఈసారి నేను అనను.

సంతకం: డెల్ఫియా గేహార్ట్

సాక్షులు: ఓమా హిక్స్, బెర్లిన్ స్లోన్