దర్జీ పిట్ట వేయని ముడి

అక్కా, పుస్తకాల పిచ్చితో నా పని ఊడుతుందని బావ అంటే బెంగపడకు, కుట్టు మిషన్ ముందే కూర్చుని రాస్తున్నాను. దర్జీ పిట్ట ఆకులు కుట్టి, దారానికి ముడి వేస్తుందని ఇప్పుడు చదువుతున్న పిట్టల పుస్తకంలో ఉంది. పక్కన బొమ్మలో ముడే లేదు, దారం కొస పీచులా ఉబ్బి ఆకు చిల్లులో బిగుసుకుంది. ఆ మాటంటే మా కటింగ్ మాస్టర్ నవ్వాడు.

"రాసినాయన కంటే నీకెక్కువ తెలుసా?"

"పిట్టల సంగతి తెలీదు, కుట్టు సంగతి తెలుసు" అన్నాను.

మన నిమ్మచెట్టు మీద గూడుంటే, పిల్లలు ఎగిరిపోయాకే తీసి డబ్బాలో పంపు. బావ మోకాలు ఎలా ఉంది? చంటిదానికి ముద్దులు. గూట్లో ముడి కనిపిస్తే లెంపలేసుకుంటాను. లేదంటే, నా రాత కోడి కెలికినట్టున్నా సరే, తప్పు దిద్దుకోమని రాసినాయనకే ఓ కార్డు ముక్క పడేస్తాను.

నీ చెల్లి