తెనాలి జట్టు మళ్ళీ ఓడిపోయింది

అన్నయ్యా,

ఈసారి బాపట్ల కబడ్డీ పోటీలకు ఒక్కదాన్నే వెళ్ళాను. నువ్వు పోయాక ఇవే మొదటివి. ఫైనల్లో మన తెనాలి జట్టు రేపల్లె వాళ్ళతో ఆడింది. విరామానికి మనవాళ్ళే ముందున్నారు. ఇన్నేళ్ళుగా ఓటములే చూసినా, నీలాగే నేనూ ఆశపడ్డాను.

చివరి కూతకు వెళ్ళిన మన కెప్టెన్ మధ్యగీత దాకా పాక్కుంటూ వచ్చాడు. బెత్తెడు దూరంలో పట్టేశారు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

"మీ తెనాలోళ్ళు ఎప్పుడూ ఇంతేనమ్మా," అన్నాడు పక్కనున్న రేపల్లె పెద్దాయన.

"అవునండి," అన్నాను. నువ్వుంటే ఆయనతో పోట్లాటకు దిగేవాడివి. నాకు ఓపిక లేకపోయింది.

జనం వెళ్ళిపోయాక కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. పోటీల్లో తప్ప మనకు కనిపించని మనిషి కదా, నీ సంగతి అతనికి తెలియదు.

"అన్నయ్య రాలేదేంటక్కా?"

"రాలేదు."

"మంచిదైంది. ఇక మన టీం ఉండదక్కా, అందరం మానేస్తున్నాం. ఆయనకి నా మొహం చూపించలేను. నువ్వే చెప్పు."

చెబుతానన్నాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వు లేవని మాత్రం అతనికి చెప్పలేకపోయాను. అప్పటికే ఏడుస్తున్నాడు.

నీ చెల్లి